అడవి మధ్య రోడ్డు వెడల్పు చేస్తున్నప్పుడు జంతువుల దారిని ఎలా కాపాడుకోవాలి?

మీ ప్రశ్నను క్లుప్తంగా మళ్ళీ చెబుతాను. ములుగు జిల్లాలో మీ మండల కేంద్రం నుంచి గోదావరి వైపు అడవి గుండా వెళ్ళే రోడ్డును వెడల్పు చేయడానికి కొలతలు వేసి రాళ్ళు పాతారు. ఆ రోడ్డును దుప్పులు, గుడ్డేలుగులు, అప్పుడప్పుడు అడవిదున్నలు దాటడం మీరు చూస్తున్నారు. మీరు నలుగురు ఉపాధ్యాయులు కలిసి ఆన్‌లైన్‌లో వెయ్యి సంతకాలు సేకరించారు. ఊరివాళ్ళు మాత్రం రోడ్డు కావాలంటున్నారు. రోడ్డును ఆపించగలమా, ఈ సంతకాలు ఎవరికి ఇవ్వాలి, సాక్ష్యం కోసం అడవిలో తిరిగితే అటవీ శాఖ కేసు పెడుతుందా అని అడిగారు.

ముందు సూటిగా జవాబు చెబుతాను. రోడ్డును మీరు ఆపించలేరు, ఆ ప్రయత్నం పెట్టుకోవద్దని కూడా నా సలహా. జంతువులు సరిగ్గా ఏ కిలోమీటరు రాయి దగ్గర, ఏ వాగు పక్కన, ఏ నెలల్లో దాటుతున్నాయో తేదీలతో రాసి, ఆ కాగితాన్ని అనుమతి ఫైలు నడుస్తున్నప్పుడే, గ్రామసభ తీర్మానంతో కలిపి ఆ ఫైలులో చేర్పించగలిగితే, దాటే చోట పెద్ద కల్వర్టో వంతెనో కట్టించుకోవచ్చు. వెయ్యి సంతకాల వల్ల ఆ పని కాదు. ఆ సంతకాలు పెట్టినవారిలో ఆ రోడ్డు మీద నడిచే మనిషి ఎవరూ ఉండరని ఫైలు చూసే అధికారికి బాగా తెలుసు.

ఈ మాట నేను చదివి చెబుతున్నది కాదు. హనుమకొండలో జంతుశాస్త్రం బోధించి పదవీ విరమణ చేశాను. పాకాల, ఏటూరునాగారం, కాగజ్‌నగర్ అడవుల అంచున ఇరవై ఏళ్ళుగా తిరుగుతూ, ఇలాంటి విజ్ఞాపనలు ఎన్నో రాశాను. వాటిలో ఎక్కువ భాగం ఓడిపోయాయి. కొన్ని గెలిచాయి. ఓడినవాటికీ గెలిచినవాటికీ ఎక్కడ తేడా వచ్చిందో కింద వివరిస్తాను.

జంతువులు ఒక అడవి నుంచి ఇంకొక అడవికి వెళ్ళే దారిని కారిడార్ అంటారు. అది ఏమిటో ముందు మనం సరిగ్గా అర్థం చేసుకోవాలి. పటంలో రెండు అడవుల నడుమ గీసిన పచ్చని పట్టీని మనం కారిడార్ అనుకుంటాం. జంతువు అలా నడవదు. 2019 జూన్‌లో మహారాష్ట్రలోని తిప్పేశ్వర్ అభయారణ్యం నుంచి రేడియో కాలరు వేసిన ఒక మగపులి బయలుదేరి, మన ఆదిలాబాద్ వైపు అడవులను కూడా తాకుతూ, అయిదు నెలల్లో 1,300 కిలోమీటర్లు నడిచి బుల్దానా జిల్లాలోని జ్ఞానగంగ అభయారణ్యానికి చేరింది. దాని దారిలో పత్తి చేలు, వాగులు, రహదారులు, ఊళ్ళ పొలిమేరలు ఎన్నో ఉన్నాయి. పగలు పొదల్లో పడుకొని రాత్రి నడిచిన ఆ పులిని చాలా ఊళ్ళలో ఎవరూ చూడనే లేదు. కాలరు లేకపోతే ఆ దారి ఉన్నదన్న సంగతే మనకు తెలిసేది కాదు. కాబట్టి మీ రోడ్డు పక్కన అడవి పలచగా ఉంది, మధ్యలో పత్తి చేను ఉంది అన్న కారణంతో అది కారిడార్ కాదని ఎవరైనా అంటే వెంటనే ఒప్పుకోనక్కరలేదు.

ఉత్తర తెలంగాణకు ఈ దారులే ప్రాణం. కవ్వాల్‌ను 2012లో పులుల అభయారణ్యంగా ప్రకటించారు. కోర్ (గట్టి రక్షణ ఉండే నడిమి భాగం) 892 చదరపు కిలోమీటర్లు, బఫర్ (దాని చుట్టూ ఉన్న భాగం) 1,123 చదరపు కిలోమీటర్లు. అంత విస్తీర్ణం ఉన్నా, అక్కడికి పులులు ఎక్కువగా మహారాష్ట్రలోని తాడోబా, తిప్పేశ్వర్‌ల వైపు నుంచి రావలసిందే. అలా వచ్చినవి చాలావరకు కవ్వాల్ కోర్ దాకా చేరకుండా, దానికి బయట ఉన్న కాగజ్‌నగర్ డివిజన్‌లోనే ఆగుతున్నాయి. అటవీ శాఖవారు ఫాల్గుణ అని పిలిచిన ఆడపులి తాడోబా నుంచి వచ్చి కాగజ్‌నగర్ అడవుల్లోనే పిల్లలను పెట్టింది. అంటే అభయారణ్యం హద్దు ఒక చోట, పులి కాపురం ఇంకొక చోట. మన వైపు చూస్తే, ఛత్తీస్‌గఢ్‌లోని ఇంద్రావతి అడవుల నుంచి గోదావరి దాటి ఏటూరునాగారం, తాడ్వాయి, పాకాల, కొత్తగూడ దాకా వచ్చే దారి ఉంది. మీ రోడ్డు ఆ దారికి అడ్డంగా పడుతోంది. పులి ఏడాదికి ఒకసారి దాటవచ్చు, అసలు దాటకపోవచ్చు. దుప్పి, కణితి, ఎలుగు, రేసుకుక్క (అడవికుక్క) మాత్రం వారం వారం దాటుతాయి. మీ వాదనకు ఆధారం ఆ రోజువారీ జంతువులే. విజ్ఞాపనను పులితో మొదలుపెట్టకండి. పులి పేరు ఎత్తగానే ఊళ్ళో భయం, ఆఫీసులో జాగ్రత్త మొదలవుతాయి. ఆ తరువాత మీ మాట ఎవరి చెవికీ ఎక్కదు.

ఇక సాక్ష్యం సంగతి. ఇది కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే చాలామంది ఇక్కడే తప్పుతారు. పన్నెండేళ్ళ క్రితం పాకాల అవతల ఒక రోడ్డు విషయంలో మేము ఆరు పేజీల విజ్ఞాపన ఇచ్చాం. "ఈ ప్రాంతంలో వన్యప్రాణులు విస్తారంగా సంచరిస్తున్నాయి" అని అందులో కనీసం నాలుగు చోట్ల రాశాం. ఇప్పుడు చదివితే నాకే నవ్వు వస్తుంది. ఎక్కడ, ఎప్పుడు, ఎన్ని అనే ప్రశ్నలకు అందులో జవాబే లేదు. "ప్రతిపాదిత రోడ్డు వన్యప్రాణుల రాకపోకల దారిలో లేదు" అని రెండు వాక్యాల సమాధానం వచ్చింది. ఆ రెండు వాక్యాలను తప్పని చూపించడానికి మా దగ్గర ఏమీ లేదు.

రెండోసారి పని వేరుగా చేశాం. రోడ్డు మీద మొత్తం పదకొండు కల్వర్టులు, రెండు చిన్న వంతెనలు ఉన్నాయి. వాటికి వరుస అంకెలు వేసి, ప్రతిదానికీ కిలోమీటరు రాయి నుంచి ఎన్ని మీటర్ల దూరమో కొలిచి, ఫోనులో జీపీఎస్ చూసి అక్షాంశ రేఖాంశాలు రాసుకున్నాం. వాగు ఎండిన తరువాత, మాఘం నుంచి వైశాఖం దాకా, ప్రతి శనివారం సాయంత్రం కల్వర్టు నోటి దగ్గర రెండు జానల వెడల్పున సన్నని దుమ్ము జల్లెడ పట్టి పరచేవాళ్ళం. ఆదివారం తెల్లవారి ఎండ ఏటవాలుగా పడుతున్నప్పుడు వచ్చి చూసేవాళ్ళం. మిట్ట మధ్యాహ్నపు వెలుగులో గుర్తులు కనబడవు, ఉదయం ఏడు లోపే చూడాలి. నాలుగో నంబరు కల్వర్టులో ఒక ఆదివారం నక్క అడుగులు, వాటి మీదుగా ఈడ్చుకుపోయినట్టు ఏదుపంది ముళ్ళ గీతలు, పక్కనే లోపలికి తిరిగిన పాదాలు కనబడ్డాయి. మాతో వచ్చిన పశువుల కాపరి వంగి చూసి, "సారూ, చిన్నపిల్లగాడు చెప్పుల్లేకుండ నడిచినట్టుంది గదా, ఇది గుడ్డేలుగు వెనుక కాలు" అన్నాడు. పక్కన అగ్గిపెట్టె పెట్టి ఫొటో తీశాం. ఆ ఫొటో ఒక్కటి మా ఆరు పేజీల విజ్ఞాపన కంటే ఎక్కువ పనికి వచ్చింది.

పద్నాలుగు వారాలు అలా చూసేసరికి తెలిసిన విషయం ఏమిటంటే, జంతువులు రోడ్డంతటా దాటడం లేదు. ఎక్కువ భాగం మూడు చోట్ల, అదీ వాగులు రోడ్డును తాకే చోట్లనే దాటుతున్నాయి. ఇంజనీరు దృష్టిలో ఇది చాలా పెద్ద తేడా. పద్దెనిమిది కిలోమీటర్ల రోడ్డును మార్చమంటే ఆయన ఫైలు మూసేస్తాడు. మూడు కల్వర్టుల డిజైను మార్చమంటే, ఎలాగూ అక్కడ ఏదో ఒకటి కట్టాలి కనుక, కనీసం లెక్క వేసి చూస్తాడు.

మీ నోటుబుక్కులో ప్రతి నమోదుకూ తేదీ, సమయం, కిలోమీటరు రాయి, జంతువు, ఏ ఆధారంతో గుర్తించారు (అడుగు, పెంటిక, కంటితో చూడడం, వాహనం కింద పడిన కళేబరం) అన్నవి ఉండాలి. అనుమానం ఉంటే అనుమానమనే రాయండి. ఒక కుక్క అడుగును రేసుకుక్కగా రాసి ఆ తప్పు బయటపడితే, మిగిలిన తొంభై తొమ్మిది నిజాలు కూడా పోతాయి. వాహనాల కింద చనిపోయినవాటి లెక్క విడిగా పెట్టండి. అందులో పాములు, ఉడుములు, ముంగిసలు కూడా రావాలి. మేడారం జాతర రోజుల లెక్కను మిగతా రోజులతో కలపకండి. ఆ వారంలో పస్రా, తాడ్వాయి రోడ్లన్నీ రాత్రింబవళ్ళు బండ్లతో నిండి ఉంటాయి, అది ఏడాదిలో మామూలు రోజు కాదు.

ఇప్పుడు ఫైలు. మన దగ్గర చాలామందికి తెలియనిది, రోడ్డు ఏ రకం భూమి మీదుగా వెళుతోందన్న దాన్ని బట్టి ఫైలు వేరే వేరే దారుల్లో నడుస్తుందన్నది. మూడు సందర్భాలు ఉంటాయి.

మీ రోడ్డు ఏటూరునాగారం వన్యప్రాణి అభయారణ్యం హద్దు లోపల ఉంటే, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రాష్ట్ర వన్యప్రాణి మండలి, ఆ తరువాత జాతీయ వన్యప్రాణి మండలి స్థాయీ సంఘం చూడాలి. అభయారణ్యం బయట రిజర్వు అడవిలో ఉంటే 1980 నాటి అటవీ సంరక్షణ చట్టం కింద అనుమతి కావాలి (2023 సవరణతో దాని పేరు వన్ సంరక్షణ్ ఏవం సంవర్ధన్ అధినియమ్ అయింది). గ్రామానికి వెళ్ళే చిన్న రోడ్డు అయితే 2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3(2) కింద, ఒక హెక్టారు లోపు భూమికి, హెక్టారుకు 75 చెట్లకు మించి కొట్టకుండా, గ్రామసభ సిఫారసుతో జిల్లా స్థాయిలోనే అనుమతి వస్తుంది. రాళ్ళు పాతారని మీరు చెప్పారు కానీ ఈ మూడింటిలో ఏ దారిలో ఫైలు వెళుతోందో రాయలేదు. మొదట తెలుసుకోవలసింది అదే.

ఎలా తెలుస్తుంది? కేంద్ర పర్యావరణ శాఖ 'పరివేశ్' పోర్టల్‌లో జిల్లా పేరు, రోడ్డు అన్న వర్గం పెట్టి వెతకండి. ప్రతిపాదన ఉంటే దాని నంబరు, పటం, దరఖాస్తు దొరుకుతాయి. అటవీ భూమి దరఖాస్తులో రెండో భాగాన్ని డీఎఫ్‌వో (అటవీ డివిజన్ అధికారి) నింపుతారు. అందులో ఒక గడి ఉంటుంది: ఈ భూమి జాతీయ పార్కు, అభయారణ్యం, పులుల అభయారణ్యం, ఏనుగుల కారిడార్, వన్యప్రాణుల వలస దారి వగైరాల్లో భాగమా అని. పాకాల అవతలి రోడ్డు ఫైలులో ఆ గడిలో "లేదు" అని ఉంది. మాకు వచ్చిన ఆ రెండు వాక్యాల జవాబు పుట్టింది అక్కడే. ఆ ఒక్క మాట ఎవరు, ఏ రోజు, ఏ క్షేత్ర పరిశీలన తరువాత రాశారన్నది సమాచార హక్కు చట్టం కింద అడగాలి. రుసుము పది రూపాయలు, గడువు 30 రోజులు. దరఖాస్తులో "రోడ్డు వివరాలన్నీ ఇవ్వండి" అని రాయకండి. దరఖాస్తు రెండో భాగం నకలు, క్షేత్ర పరిశీలన నివేదిక నకలు, కల్వర్టుల డిజైను పట్టిక నకలు అని మూడు కాగితాలు పేరుపెట్టి అడగండి. మాకు క్షేత్ర పరిశీలన నివేదికగా వచ్చినది ఒకటిన్నర పేజీ. దానిలో జంతువుల జాబితా ఇంకో జిల్లా నివేదిక నుంచి తెచ్చి అతికించినట్టు ఉంది, ఎందుకంటే మన వైపు లేని జంతువు ఒకటి అందులో ఉంది. ఇది మేము పత్రికలకు ఇవ్వలేదు. డీఎఫ్‌వో గారి గదిలో కూర్చొని ఆయనకే చూపించాం. ఆయన కొత్తగా వచ్చినవారు, ఆ కాగితం ఆయన రాసింది కాదు. అలా చూపించడం వల్లే మళ్ళీ పరిశీలన జరిగింది. పత్రికలో వచ్చి ఉంటే ఆయన ఆ కాగితాన్ని సమర్థించుకోక తప్పేది కాదని ఇప్పటికీ నా అభిప్రాయం.

రెండు హెచ్చరికలు. ఒకటి, రోడ్డు వెడల్పు పని అనగానే ప్రజాభిప్రాయ సేకరణ సభ ఉంటుందని అనుకోకండి. 2006 పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ పెద్ద రహదారులకే వర్తిస్తుంది, మీలాంటి మండల రోడ్డుకు ఆ సభ ఉండదు. రెండు, 2023 సవరణ తరువాత, వామపక్ష తీవ్రవాద ప్రభావిత ప్రాంతాలుగా కేంద్రం ప్రకటించిన చోట్ల అయిదు హెక్టార్ల లోపు ప్రజోపయోగ పనులకు అటవీ చట్టం అనుమతి నుంచి మినహాయింపు ఉంది. మీ మండలానికి అది వర్తిస్తుందో లేదో డీఎఫ్‌వో కార్యాలయంలోనే నిర్ధారించుకోండి. వర్తిస్తే మీకు మిగిలేది గ్రామసభ, ఇంజనీరు, ఈ రెండే.

ఒకవేళ గని, జలాశయం, జాతీయ రహదారి లాంటి పెద్ద పనికి ప్రజాభిప్రాయ సేకరణ జరిగితే అక్కడ ఎలా మాట్లాడాలో కూడా చెబుతాను, మీ ప్రాంతంలో ఏదో ఒక రోజు అవసరం పడుతుంది. సభకు కనీసం 30 రోజుల ముందు ప్రకటన రావాలి. కలెక్టరు గానీ ఆయన ప్రతినిధి గానీ అధ్యక్షత వహిస్తారు. నివేదిక సారాంశం తెలుగులో అందుబాటులో ఉండాలి. నేను మొదటిసారి అలాంటి సభలో పదిహేను నిమిషాలు ఆవేశంగా మాట్లాడాను. చప్పట్లు బాగా పడ్డాయి. తరువాత సభ నమోదు పత్రం తెప్పించుకుని చూస్తే నా పేరు ఎదురుగా "పర్యావరణాన్ని కాపాడాలని కోరారు" అని ఒక్క వాక్యం ఉంది. అప్పటి నుంచి రెండు పేజీలు ముందే టైపు చేయించి, ప్రశ్నలకు అంకెలు వేసి, రెండు ప్రతులు తీసుకెళ్ళి, ఒకటి ఇచ్చి రెండోదాని మీద ముద్ర వేయించుకుంటున్నాను. మాట్లాడేది రెండు నిమిషాలే. రాసి ఇచ్చిన అభ్యంతరానికి పని చేపట్టేవారు తుది నివేదికలో జవాబు చెప్పాలి. నోటిమాట చప్పట్లతో పాటే పోతుంది.

న్యాయస్థానం గురించి మీరు అడగలేదు కానీ తప్పకుండా ఎవరో ఒకరు సలహా ఇస్తారు. అటవీ అనుమతి మీద అప్పీలు చేయాలంటే చెన్నైలో ఉన్న జాతీయ హరిత ట్రిబ్యునల్ దక్షిణ మండల ధర్మాసనానికి వెళ్ళాలి. గడువు ఉత్తర్వు అందిన 30 రోజులు, తగిన కారణం చూపితే మరో 60 రోజులు. ఆ తరువాత తలుపు మూసినట్టే. వన్యప్రాణి సంరక్షణ చట్టం ఆ ట్రిబ్యునల్ పరిధిలోని చట్టాల జాబితాలో లేదు కనుక అభయారణ్యం అనుమతి వివాదం హైకోర్టుకు పోవాలి. నేను ఒక్క కేసులోనే పిటిషనర్ల వెంట నడిచాను, మూడేళ్ళు పట్టింది, ఆ లోపు రోడ్డు పూర్తయింది. మీ నోటుబుక్కు బలంగా ఉంటే, ఫైలు దశలోనే పని ముగించడం మేలు.

ఊరివాళ్ళు రోడ్డు కావాలంటున్నారు అన్నారు. వాళ్ళు అడుగుతున్నది న్యాయమే. వానాకాలం నొప్పులతో ఉన్న ఆడకూతుర్ని డోలీలో మోసుకెళ్ళిన గూడెంలో నిలబడి, దుప్పుల కోసం రోడ్డు వద్దని నేను అనలేను, మీరూ అనకండి. అడగవలసింది రోడ్డు ఎలా ఉండాలన్నది. పెంచ్ అడవుల గుండా వెళ్ళే 44వ నంబరు జాతీయ రహదారి మీద, మహారాష్ట్ర భాగంలో, జంతువులు కింద నుంచి వెళ్ళడానికి తొమ్మిది నిర్మాణాలు కట్టారు. వాటి వెడల్పు 50 మీటర్ల నుంచి 750 మీటర్ల దాకా ఉంది. పులులు సహా రకరకాల జంతువులు వాటిని వాడుకోవడం కెమెరాల్లో నమోదైంది. మన మండల రోడ్డుకు అంత అక్కరలేదు. ఒకటిన్నర అడుగుల సిమెంటు పైపు ఉన్న చోట మనిషి వంగకుండా నడవగల బాక్స్ కల్వర్టు, దానికి రెండు వైపులా జంతువును కల్వర్టు వైపు మళ్ళించే తుప్పలు, ముందూ వెనుకా వేగం తగ్గించే పట్టీలు. అంతే. అడవిదున్న మంద ఆ కల్వర్టులో దూరదు, అది రోడ్డు మీదుగానే దాటుతుంది. దానికి వేగం తగ్గించడం ఒక్కటే మార్గం.

ఊరివాళ్ళకు ఇందులో ఏం లాభం అని అడుగుతారు. పెద్ద కల్వర్టు ఉంటే వరదకు రోడ్డు కొట్టుకుపోదు, పశువులు రోడ్డు ఎక్కకుండా కింద నుంచి అవతలి మేతకు పోతాయి. మా రెండో విజ్ఞాపనలో గూడెం పెద్దమనుషులు ఈ రెండు కారణాలనే ముందు పెట్టించారు, ఎలుగు ఫొటో మూడో పేజీలోకి పోయింది. మొదట నాకు చిన్నతనంగా అనిపించింది. కానీ గ్రామసభ తీర్మానం ఏకగ్రీవంగా వచ్చింది ఆ వరుస వల్లే. అటవీ హక్కుల చట్టం సెక్షన్ 5 వన్యప్రాణులను, అడవిని, నీటి వనరులను కాపాడే అధికారం గ్రామసభకే ఇచ్చింది. చాలా గ్రామసభలకు ఆ సెక్షన్ సంగతి ఎవరూ చెప్పలేదు. తీర్మానంలో ఆ సెక్షన్ నంబరు తప్పక రాయించండి.

స్థానికులను పక్కన పెట్టి పైనుంచి ప్రకటించిన రక్షణ ఎంతకాలం నిలుస్తుందో ఈ మధ్యనే చూశాం. కవ్వాల్‌ను తాడోబాతో కలిపే అడవులను కుమురం భీం కన్జర్వేషన్ రిజర్వుగా (రక్షిత అడవులను కలిపే ప్రాంతాలకు చట్టం ఇచ్చే ఒక రకం రక్షణ) ప్రకటిస్తూ 2025 మే నెలాఖరులో 49వ నంబరు జీవో వచ్చింది. ఆదివాసీ సంఘాలు ఆందోళనకు దిగడంతో జులైలో దాన్ని నిలిపివేశారు. జల్, జంగల్, జమీన్ అన్న నినాదం పుట్టిన నేల మీద, పోడు భూముల పట్టాల గొడవ ఇంకా తేలని ఊళ్ళలో, ముందు గ్రామసభల్లో చర్చించకుండా హద్దులు గీస్తే ఎవరైనా అనుమానపడతారు. ఆ అడవులకు రక్షణ అవసరమన్నదే నా గట్టి అభిప్రాయం, అయినా ఆ ఆందోళన చేసినవారిని తప్పుపట్టలేను. కన్జర్వేషన్ రిజర్వు ప్రకటించే ముందు స్థానికులను సంప్రదించాలని వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని 36ఏ సెక్షనే చెబుతోంది.

పశువును పులి చంపినప్పుడు నష్టపరిహారం త్వరగా ఇప్పించడం కూడా కారిడార్ రక్షణలో భాగమే, నా దృష్టిలో అది మొదటి భాగం. 2024 జనవరిలో కాగజ్‌నగర్ దగ్గర దరిగాం అడవిలో రెండు పులులు చనిపోయాయి. ఒకదాని చావుకు విషం కలిపిన పశువు కళేబరం కారణమని తేలింది. అంతకు చాలా ముందు ఆ ప్రాంతంలోనే ఒక రైతు ఆవు చనిపోతే మేము వెళ్ళాం. కళేబరాన్ని కదిలించకూడదని, పశువైద్యుడి ధ్రువపత్రం, బీట్ ఆఫీసరు (ఆ అడవి భాగాన్ని చూసే అటవీ ఉద్యోగి) పంచనామా కావాలని ఆయనకు తెలియదు. సాయంత్రం దాకా అక్కడే కూర్చొని పంచనామా చేయించాం. డబ్బు రావడానికి ఏడు నెలలు పట్టింది. "ఇంకొక ఆవు పోతే నేను ఫోన్ చెయ్య సారూ" అని ఆయన అన్న మాటకు అర్థం నాకు బాగా తెలుసు. మీ నలుగురిలో ఒకరు ఈ పంచనామా పని నేర్చుకోండి. ఊళ్ళో మీ మాటకు విలువ దానివల్ల వస్తుంది.

కరెంటు తీగల విషయంలో మాత్రం మెతకదనం వద్దు. అడవి పందుల కోసం పదకొండు కేవీ లైను నుంచి తీగ లాగి చేల చుట్టూ, వాగుల్లో పరిచే ఉచ్చులు మీరు చూపించే దాటు చోట్లనే ఎక్కువ ఉంటాయి, ఎందుకంటే జంతువులు ఎక్కడ దాటుతాయో వేటగాడికి మనకంటే ముందే తెలుసు. 2024 ఫిబ్రవరిలో భూపాలపల్లి అడవిలో గాలింపుకు వెళ్ళిన గ్రేహౌండ్స్ కమాండో ఒకరు అలాంటి తీగ తగిలి చనిపోయారు. తీగ కనబడితే తాకకండి, ఎండు కర్రతో కూడా కదిలించకండి. ముందు సబ్‌స్టేషనుకు, తరువాత అటవీ శాఖకు ఫోన్ చేయండి.

నా పొరపాటు ఒకటి చెప్పాలి. ఒక ఏడాది వాగు ఇసుకలో పెద్దపులి అడుగులు దొరికిన సంతోషంలో, ఫొటోను ఊరి పేరుతో సహా వాట్సాప్ గుంపులో పెట్టాను. మరునాటికి ఇరవై మోటారు సైకిళ్ళు వచ్చాయి. అడుగులన్నీ తొక్కేశారు, రెండు రోజులు ఆ ఊళ్ళో పత్తి ఏరడానికి కూలీలు రాలేదు. ఆ నష్టం ఊరివాళ్ళది, పేరు నాది. పులి, చిరుత, ఎలుగు పిల్లలు, రాబందు గూడు, ఇవి కనబడిన చోటును అటవీ రేంజరుకు తప్ప ఎవరికీ చెప్పవద్దు.

మా పాకాల రోడ్డు కథ ఎలా ముగిసిందంటే, మూడు చోట్లలో రెండు చోట్ల బాక్స్ కల్వర్టులు కట్టారు. మూడోచోట నీళ్ళ పైపులైను అడ్డం వచ్చిందని పాత సిమెంటు పైపులే ఉంచారు. కట్టిన రెండింటిలో ఒకదాని నోటిని రెండేళ్ళలోనే రోడ్డు పక్క దాబా చెత్తతో సగం నింపింది. ఇప్పటికీ ఏటా దసరా సెలవుల్లో మా పాత విద్యార్థులు కొందరు వెళ్ళి శుభ్రం చేస్తున్నారు. రెండో కల్వర్టులో మాత్రం మొన్న వేసవిలో కూడా దుమ్ము పరిచి చూశాం, కణితి అడుగులు ఉన్నాయి.

చివరగా కేసుల భయం గురించి. రిజర్వు అడవి లోపలికి, అభయారణ్యంలోకి అనుమతి లేకుండా వెళ్ళడం నేరమే, ఉపాధ్యాయులైనా సరే. కెమెరాలు కట్టడం అసలే వద్దు. కానీ మీకు కావలసిన సాక్ష్యమంతా రోడ్డు మీద, కల్వర్టు నోట్లో, రోడ్డు అంచునే ఉంది. పని మొదలుపెట్టే ముందు రేంజరుకు ఒక ఉత్తరం ఇవ్వండి: ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా, ప్రతి ఆదివారం ఉదయం ఆరు నుంచి ఎనిమిది వరకు, రోడ్డు దాటి లోపలికి వెళ్ళకుండా, కల్వర్టుల దగ్గర అడుగుజాడలు నమోదు చేస్తామని, వీలైతే బీట్ ఆఫీసరును మాతో పంపమని. ముద్ర వేసిన ప్రతిని జేబులో పెట్టుకొని తిరగండి. మాతో మొదటి నాలుగు వారాలు ఎవరూ రాలేదు. అయిదో వారం నుంచి బీట్ ఆఫీసరు తానే ముందుగా వచ్చి నిలబడేవాడు. నోటుబుక్కులో ఆయన సంతకం కూడా పడిన తరువాత దరఖాస్తు రెండో భాగంలోని ఆ గడిలో "లేదు" అని రాయడం ఎవరికీ సాధ్యం కాలేదు.